సర్కారు బడి ఖర్చు: సికింద్రాబాద్ చెప్పే లెక్క

పిల్లలు రావడం లేదు కనుక ప్రభుత్వ బడులకు డబ్బు తగ్గించడంలో తప్పు లేదనే వాదానికీ, డబ్బు తగ్గింది కనుకనే పిల్లలు రావడం లేదనే వాదానికీ నడుమ తెలంగాణలో చాలా ఏళ్లుగా తగవు నడుస్తున్నది. ఆ తగవును పరిశీలించడానికి సికింద్రాబాద్ అనువైన చోటు. ఎందుకంటే ప్రభుత్వం నడిపే రెండు రకాల బడులు ఈ నగరంలో ఒకదానికొకటి కొద్ది దూరంలోనే ఉన్నాయి. పికెట్, తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాల్లోని కేంద్రీయ విద్యాలయాలు కేంద్ర ప్రభుత్వ సొమ్ముతో నడుస్తాయి. వాటిలో సీటు కోసం ప్రతి ఏడూ తల్లిదండ్రులు పోటీ పడతారు. అదే నగరంలో, బస్తీల నడుమ, రాష్ట్ర ప్రభుత్వ సొమ్ముతో నడిచే ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయి. వాటి ఉపాధ్యాయులు జూన్ నెలలో ‘బడిబాట’ పేరుతో ఇల్లిల్లూ తిరిగి, పిల్లలను పంపమని అడుగుతారు. రెండూ సర్కారు బడులే. కాబట్టి సర్కారు అనే పేరు చూసి జనం పారిపోతున్నారన్న మాట నిలవదు.

ఈ పోలికకు ఒక హద్దు ఉన్నదని ముందే ఒప్పుకోవాలి. 1963లో మొదలైన కేంద్రీయ విద్యాలయ వ్యవస్థ ప్రధానంగా బదిలీలయ్యే కేంద్ర ఉద్యోగుల పిల్లల కోసం ఏర్పడింది గనుక, అక్కడికి వచ్చే పిల్లల ఇళ్లలో చదువుకున్న పెద్దలుంటారు, నెల జీతం ఉంటుంది. బస్తీ బడికి వచ్చే పిల్లల తల్లిదండ్రులు కూలి పనికో, ఇళ్లలో పనికో, వలసకో పోయేవారై ఉంటారు. అయితే ఈ తేడా నుంచి తేలే నిర్ణయం సాధారణంగా చెప్పుకునేదానికి తలకిందులుగా ఉంటుంది. ఇంటి దగ్గర ఆసరా తక్కువగా ఉన్న పిల్లవాడికి బడి దగ్గర ఎక్కువ ఖర్చు పెట్టవలసి ఉండగా, ఆచరణలో ఇంటి ఆసరా ఉన్న పిల్లవాడి బడికే తరగతికొక టీచరు, ప్రయోగశాల, ఆటస్థలం, గ్రంథాలయం ముందుగా అందుతున్నాయి.

సికింద్రాబాద్‌లో బడి ఖర్చును ఎవరు భరించాలన్న ప్రశ్న కొత్తది కాదు. మూడవ నిజాం సికందర్ జా పేరున 1806లో దండు ఊరుగా వెలసిన ఈ పట్టణంలో చదువు చాలాకాలం సర్కారు బాధ్యతగా కాక, మిషనరీల, వర్తకుల, దాతల పూనికగా సాగింది. సోమసుందరం మొదలియారు 1862లో నెలకొల్పిన విద్యాసంస్థే తరవాత మహబూబ్ కళాశాల అయింది. 1893 ఫిబ్రవరిలో, అమెరికా ప్రయాణానికి ముందు, స్వామి వివేకానంద ప్రసంగించింది అక్కడే. ఇటువంటి సంస్థలకు ప్రభుత్వం జీతాల మేరకు సాయం చేయడాన్ని ఎయిడెడ్ పద్ధతి అంటారు. యాజమాన్యం ప్రైవేటుది, జీతం సర్కారుది. 1854 నాటి వుడ్ నివేదికతో బ్రిటిష్ ఇండియాలో పాదుకొన్న ఈ పద్ధతి జంటనగరాల్లో మూడు నాలుగు తరాల మధ్యతరగతిని తీర్చిదిద్దింది. ఉమ్మడి రాష్ట్ర కాలంలోనే ఎయిడెడ్ పోస్టుల భర్తీ ఆగిపోవడంతో, ఒక్కొక్క ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేసినకొద్దీ ఆ బడులు పలచబడుతూ వచ్చాయి. మూసివేత ఉత్తర్వు ఏదీ లేకుండానే బడి మూతపడే ఈ పద్ధతి గురించి శాసనసభలో పెద్ద చర్చ జరగలేదు. జరగకుండా ఉండడమే దాని సౌలభ్యం కూడా.

చట్టం మాట త్వరగా చెప్పి ముందుకు పోవచ్చు. రాజ్యాంగం 45వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలన్నది. ఆ గడువు 1960లో ముగిసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఆ విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి దాని అమలు వచ్చాయి. ఆ చట్టం ప్రకారం ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు, ఎంత చిన్న బడి అయినా కనీసం ఇద్దరు ఉండాలి. నిధుల బాధ్యతను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఉమ్మడిగా మోయాలి. అంటే బడికి డబ్బివ్వడం దయ కాదు, చట్టం విధించిన బాకీ.

ఆ బాకీ ఎంత మేరకు తీరుతున్నదో బడ్జెట్ చెబుతుంది. తెలంగాణ 2025-26 బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్ల రూపాయలు. అందులో విద్యాశాఖకు 23,108 కోట్లు, అంటే వందకు ఏడున్నర రూపాయలు. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, 2014-15లో, ఈ వాటా సుమారు పదకొండుగా ఉండేది. దేశంలోని రాష్ట్రాలు సగటున తమ ఖర్చులో 14, 15 శాతం దాకా విద్యకు పెడుతున్నాయి. 2015లో కొరియాలోని ఇంచియాన్‌లో జరిగిన ప్రపంచ విద్యా సదస్సు ప్రభుత్వ వ్యయంలో 15 నుంచి 20 శాతం విద్యకు కేటాయించాలని కోరింది. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు పెట్టాలని 1966లోనే కొఠారీ కమిషన్ చెప్పగా, 1968, 1986, 2020 విద్యావిధానాలు మూడూ ఆ అంకెను మళ్లీ మళ్లీ రాసుకున్నాయి. ఇక్కడ న్యాయంగా ఒక సవరణ చేర్చాలి. తెలంగాణలో గురుకులాల ఖర్చులో పెద్ద భాగం సాంఘిక, గిరిజన, వెనుకబడిన తరగతుల, మైనారిటీ సంక్షేమ శాఖల పద్దుల్లో ఉంటుంది. దానిని కలిపితే వాటా కొంత పెరుగుతుంది గాని, ఇతర రాష్ట్రాల సగటును అందుకోదు.

కేటాయింపు అన్న మాట వినగానే డబ్బు బడికి చేరినట్లు అనుకోవడం మామూలే. నిజానికి కేటాయింపు, విడుదల, ఖర్చు అనేవి మూడు వేరు వేరు సంగతులు. కేటాయింపు శాసనసభ ఇచ్చే అనుమతి మాత్రమే. విడుదల ఆర్థిక శాఖ ఉత్తర్వుతో జరుగుతుంది. ఖర్చు ట్రెజరీ నుంచి సొమ్ము నిజంగా కదిలినప్పుడు జరుగుతుంది. బిల్లుకు టోకెను నంబరు వచ్చి, డబ్బు నెలల తరబడి రాకపోవడం తెలంగాణలో కాంట్రాక్టర్లకూ ప్రధానోపాధ్యాయులకూ ఒకేలా తెలిసిన అనుభవం. దీనికి తోడు, సమగ్ర శిక్ష అనే పథకంలో కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు భరించాలి. రాష్ట్రం తన వాటాను వేళకు జమచేయకపోతే కేంద్రం తరవాతి విడత ఆగిపోతుంది. రాష్ట్రం దాచుకున్న నలభై రూపాయలు ఆ విధంగా అరవై రూపాయలను కూడా ఆపుతాయి. విద్యకు డబ్బు పెంచాలనే కోరికలో వాటా పెంపు ఎంత ముఖ్యమో, విడుదల తేదీ అంతే ముఖ్యం.

బడి గుమ్మం లోపలికి వెళ్లి చూస్తే ఈ లెక్క ఇంకా స్పష్టపడుతుంది. సమగ్ర శిక్ష కింద ప్రతి బడికీ ఏడాదికొకసారి కాంపోజిట్ గ్రాంటు అనే మొత్తం వస్తుంది. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్నచిన్న మరమ్మతులు, ఇంటర్నెట్టు, తాగునీరు, ప్రయోగశాల సామాను, జాతీయ పండుగల ఖర్చు అన్నీ అందులోనే సరిపెట్టుకోవాలి. 250 మందికి పైన వెయ్యి మంది లోపు పిల్లలున్న బడికి ఆ మొత్తం 75 వేల రూపాయలు. సికింద్రాబాద్‌లో 400 మంది పిల్లలున్న ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకుంటే, ఒక్కో పిల్లకు ఏడాదికి 187 రూపాయల 50 పైసలు పడుతుంది. ఇది కూడా సాధారణంగా రెండు విడతల్లో, తరచు ఆలస్యంగా వస్తుంది కనుక, ఆలోపు ప్రధానోపాధ్యాయులు తమ జేబులోంచి పెట్టి తరవాత తీసుకుంటారు. ఆ అప్పు ఏ పద్దులోనూ కనిపించదు.

శుభ్రత విషయంలో ఈ లోటు మరీ కొట్టవచ్చినట్లుంది. బడుల్లో స్కావెంజర్లుగా పనిచేసినవారిని కరోనా కాలంలో తొలగించాక, మరుగుదొడ్లు కడిగేవారు లేక చాలా బడులు ఇబ్బంది పడ్డాయి. 2024లో ప్రభుత్వం పిల్లల సంఖ్యను బట్టి నెలకు 3 వేల నుంచి 20 వేల రూపాయల వరకు పారిశుద్ధ్య గ్రాంటును అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల ద్వారా ఇవ్వడం మొదలుపెట్టింది. మహిళా స్వయం సహాయక సంఘాల సభ్యులతో ఏర్పడిన కమిటీలివి. ఇది మెచ్చుకోదగిన దిద్దుబాటే. కాని 30 మంది లోపు పిల్లలున్న బడికి నెలకు 3 వేల రూపాయలంటే, పూర్తి కాలం మనిషిని పెట్టుకోవడం కుదరదు. ఉదయం ఒక గంట ఊడ్చి వెళ్లిపోయే మనిషి దొరుకుతారు. మధ్యాహ్నానికి మరుగుదొడ్డి ఎలా ఉంటుందో చెప్పనవసరం లేదు. ఎనిమిదో తరగతికి వచ్చిన ఆడపిల్లను ప్రైవేటు బడికి మార్చే తల్లి చెప్పే కారణాల్లో బోధన కన్నా ముందు ఇదే వస్తుంది.

భోజనం సంగతి మరొక ఉదాహరణ. 2025 మే నుంచి ప్రాథమిక తరగతుల పిల్ల ఒక్కరికి ఒక పూట వంట సామగ్రి ఖర్చు 6 రూపాయల 78 పైసలు, ప్రాథమికోన్నత స్థాయిలో 10 రూపాయల 17 పైసలు. బియ్యం వేరుగా వస్తాయి; పప్పు, కూరగాయ, నూనె, ఉప్పు, కారం, వంట గ్యాసు అన్నీ ఈ సొమ్ములోనే. తెలంగాణ తన వంతుగా 2015 నుంచి సన్నబియ్యం ఇస్తున్నది, గుడ్డుకు వేరుగా డబ్బిస్తున్నది, తొమ్మిది, పది తరగతులకూ భోజనం పెడుతున్నది. ఈ మూడూ దేశంలో చాలా రాష్ట్రాలు చేయని పనులు. అయితే వండే స్త్రీల గౌరవ వేతనం చాలా ఏళ్లు నెలకు వెయ్యి రూపాయలుగానే ఉండిపోయింది. దానిని 3 వేలకు పెంచే ఉత్తర్వు 2023లో గాని రాలేదు. అదే ఏడాది అక్టోబర్ 6న ముఖ్యమంత్రి అల్పాహార పథకం సికింద్రాబాద్‌లోని వెస్ట్ మారేడ్‌పల్లి ప్రభుత్వ పాఠశాలలో కూడా ఆర్భాటంగా ప్రారంభమైంది. పొద్దున్నే పనికి పోయే తల్లుల పిల్లలు ఖాళీ కడుపుతో బడికి వస్తారన్న గ్రహింపు దాని వెనుక ఉన్నది. తమిళనాడు 2022లో మొదలుపెట్టి పట్టుదలగా విస్తరించిన పథకం దానికి ఆదర్శం. తెలంగాణలో అది అన్ని బడులకూ వేళ్లూనలేదు. ఎన్నికల ముంగిట పుట్టిన పథకానికి బడ్జెట్‌లో స్థిరమైన పద్దు లేకపోతే జరిగేది అదే.

వెస్ట్ మారేడ్‌పల్లికే సర్కారు బడి విషయంలో ఇంకొక చరిత్ర ఉన్నది. చరిత్రకారుడు, విద్యావేత్త మామిడిపూడి వెంకటరంగయ్య పేరున 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్ కార్యాలయం ఉన్నది అక్కడే. ఆచార్య శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ 1990ల ఆరంభం నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో వెట్టిలోనూ పశువుల వెంటా ఉన్న పిల్లలను విడిపించి, కొన్ని నెలల పాటు శిబిరాల్లో చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో సర్కారు బడిలో చేర్పించింది. బడిలో లేని ప్రతి పిల్లవాడూ బాలకార్మికుడే అన్నది దాని సిద్ధాంతం. పేదవాడికి కూలి ముఖ్యం గనుక పిల్లలను బడికి పంపడనే పాత నమ్మకాన్ని ఆ అనుభవం గట్టిగా కదిలించింది. తల్లిదండ్రులు అప్పు చేసి అయినా పంపడానికి సిద్ధంగా ఉన్నారనీ, అడ్డం వచ్చేది బడి చోటు చాలకపోవడం, టీచరు లేకపోవడం, ఏడాది నడుమ చేర్చుకోకపోవడమేననీ తేలింది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు మీద జనానికి ఆసక్తి ఉన్నదని సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేసిన సంస్థ రుజువు చేసిన తరవాత, ఆ ఆసక్తిని ప్రైవేటు బడులు ఫీజుగా మార్చుకోగలిగాయి. సర్కారు బడి దానిని నిలుపుకోలేకపోయింది.

నిలుపుకోలేకపోవడానికి ఒక కారణం చాలా మామూలుది, అందుకే తరచు మరుగున పడిపోతుంది. ప్రైవేటు బడి మూడేళ్ల పిల్లను నర్సరీలో చేర్చుకుంటుంది. సర్కారు బడి అయిదేళ్లు నిండాక ఒకటో తరగతిలో చేర్చుకుంటుంది. ఈ రెండేళ్లలో పిల్లకు స్నేహితులు, యూనిఫారం, వ్యాను, ఇంగ్లీషు పద్యాలు అలవాటైపోతాయి. మధ్యలో అంగన్‌వాడీ ఉన్నా, దానిని తల్లిదండ్రులు పోషకాహార కేంద్రంగా చూస్తారు గాని బడిగా చూడరు. అంటే సర్కారు బడి తలుపు తెరిచేనాటికే పిల్ల వేరే బడిలో కుదురుకొని ఉంటుంది. ఆకునూరి మురళి అధ్యక్షతన 2024 సెప్టెంబర్‌లో ఏర్పడిన తెలంగాణ విద్యా కమిషన్ పూర్వ ప్రాథమిక తరగతులు సర్కారు బడుల్లోనే ఉండాలని గట్టిగా చెప్పింది. 2025-26లో తొలుత 210 బడుల్లో వాటిని ప్రారంభించారు. రాష్ట్రంలోని సుమారు 30 వేల సర్కారు బడుల్లో ఇది చిన్న మొదలే. కొత్త డబ్బు ఎక్కడ పెట్టాలని ఎవరైనా అడిగితే, మొదటి సమాధానం ఇక్కడ: ప్రాథమిక పాఠశాలలో ఒక గది, ఒక శిక్షణ పొందిన టీచరు, ఒక ఆయా.

తెలంగాణలో బడుల సంఖ్యలో ఎక్కువ భాగం సర్కారువే అయినా, పిల్లల్లో సగానికి పైగా ప్రైవేటు బడుల్లో ఉన్నారు. జంటనగరాల్లో ఈ తేడా మరింత ఎక్కువ. 2024-25 లెక్కల ప్రకారం ఒక్క పిల్ల కూడా లేని బడులు రాష్ట్రంలో రెండు వేలకు పైగా ఉన్నాయి. ఈ విషయంలో పశ్చిమ బెంగాల్ తరవాతి స్థానం తెలంగాణదే. ఇటువంటి బడులను చూపి, పిల్లకు పడే ఖర్చు సర్కారులోనే ఎక్కువని వాదిస్తారు. తలసరి ఖర్చు అంటే మొత్తం ఖర్చును పిల్లల సంఖ్యతో భాగించగా వచ్చేది. టీచరు జీతం మారకుండా పిల్లలు సగానికి తగ్గితే, ఎవరూ ఒక్క రూపాయి అదనంగా పెట్టకుండానే ఆ అంకె రెట్టింపవుతుంది. కాబట్టి పెరిగిన తలసరి ఖర్చు ఔదార్యానికి గుర్తు కాదు, ఖాళీ అయిన బెంచీలకు గుర్తు. దీనికి పరిపాలన కనిపెట్టిన మందు పేరు హేతుబద్ధీకరణ. అంటే పిల్లల సంఖ్యను బట్టి ఉపాధ్యాయులను ఒక బడి నుంచి మరొక బడికి సర్దడం. పిల్లలు తగ్గారని ఒక టీచరును తీసేస్తారు. అయిదు తరగతులకు ఒక్కరే మిగిలారని మరి కొందరు తల్లిదండ్రులు పిల్లలను తీసుకుపోతారు. మరుసటి ఏడు ఆ బడిని మరొక బడిలో కలుపుతారు. ఎండిపోతున్న మొక్కకు ఆకులు రాలిన లెక్కన నీళ్లు తగ్గించడం వంటిదిది.

ఉపాధ్యాయ నియామకాల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 2017లో ప్రకటన వెలువడిన నియామకాల తరవాత, మళ్లీ పెద్ద ఎత్తున భర్తీ 2024లోనే జరిగింది. 11,062 పోస్టులకు ప్రకటన ఇచ్చి, ఆ ఏడాది అక్టోబర్‌లో పది వేల మందికి పైగా నియామక పత్రాలు ఇవ్వడం నిస్సందేహంగా మంచి పని. అయితే నడుమ గడిచిన ఏడేళ్లు ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు ఏడో తరగతి పూర్తిచేసేంత కాలం. ఆ పిల్లవాడికి గణితం టీచరు రాకపోవడం ఏ ప్రకటనతోనూ తీరదు. నియామకం ప్రతి ఏడూ, పదవీ విరమణల సంఖ్యకు సరిపడా జరగాలంటే, జీతాల పద్దులో ఆ మేరకు పెంపు ముందుగానే రాసి ఉండాలి.

డబ్బు ఒక్కటే చదువు చెప్పదు అనే అభ్యంతరం బలమైనది, దానిని తోసిపుచ్చకూడదు. విద్యాశాఖ ఖర్చులో అధిక భాగం జీతాలకే పోతుంది. జీతం పెరిగినంత మాత్రాన బోధన మెరుగుపడదు. పర్యవేక్షణ అధికారుల పోస్టులు ఖాళీగా ఉండగా తరగతి గదిలో ఏం జరుగుతున్నదో చూసేవారు తక్కువ. ఇవన్నీ నిజాలే. కాని ఈ అభ్యంతరంలోనే దాని సమాధానం కూడా ఉన్నది. జీతాలు పోగా మిగిలేది చాలా తక్కువ గనుక, జీతం తీసుకునే టీచరు చేతికి బోధన సామగ్రి, శిక్షణ, పరిశుభ్రమైన గది, పర్యవేక్షణ, ఆయా, గుమాస్తా ఇవ్వడానికి డబ్బు లేదు. గుమాస్తా లేని ప్రాథమిక బడిలో భోజనం లెక్క, హాజరు యాప్, యూనిఫారాల కొలతలు, ఆధార్ సవరణలు అన్నీ టీచరే చూడాలి. పెద్ద జీతం ఇచ్చి చిన్న ఖర్చు దగ్గర పొదుపు చేయడంలో మొదటిది కూడా వృథా అవుతుంది.

రెండవ అభ్యంతరం, ప్రభుత్వం ఇప్పటికే భారీగా పెడుతున్నదని. దీనికి ఉదాహరణగా యంగ్ ఇండియా సమీకృత గురుకులాలను చూపుతారు. 2025-26 బడ్జెట్ సందర్భంగా 58 గురుకుల సముదాయాలకు 11,600 కోట్ల రూపాయలు ప్రకటించారు. ఒక్కొక్కటి 200 కోట్లు, 2,560 మంది పిల్లలు. 1971లో సర్వేల్‌లో పి.వి. నరసింహారావు చొరవతో పుట్టిన గురుకుల సంప్రదాయం తెలుగు నేల మీద ఎన్నో పేద ఇళ్లను నిలబెట్టింది గనుక దానిని తక్కువ చేయడానికి లేదు. అయినా లెక్క లెక్కే. ఆ 58 చోట్లా సీట్లన్నీ నిండితే లక్షన్నర లోపు పిల్లలు. నిర్మాణానికే సీటుకు దాదాపు 7 లక్షల 80 వేల రూపాయలు. కట్టడం ఖర్చునూ నిర్వహణ ఖర్చునూ ఒకే తక్కెడలో పెట్టకూడదన్న నియమం ఆర్థిక శాస్త్రంలో ఉన్నది, అది సరైనదే. మొదటిది ఒక్కసారి పెట్టేది, రెండవది ఏటేటా పెట్టేది. కాని ఏటేటా పెట్టవలసిన దగ్గర పిల్లకు 187 రూపాయలు, ఒక్కసారి పెట్టే దగ్గర లక్షలు ఉన్నప్పుడు, ప్రారంభోత్సవ ఫలకం పెట్టడానికి వీలైన ఖర్చుకే రాజకీయం మొగ్గుతున్నదని అనుకోవడంలో తప్పు లేదు. పైగా గురుకులంలో ప్రవేశం పరీక్ష రాసి గెలిచినవారికి. ఇంటి పక్క బడి అందరిదీ. కొఠారీ కమిషన్ పొరుగుబడి అన్నది, అంటే ఆ వాడలోని డబ్బున్న పిల్లా లేని పిల్లా కలిసి చదివే బడి, దీనినే.

కట్టడాల మీద పెట్టిన డబ్బు సగంలో ఆగితే ఏమవుతుందో కూడా తెలంగాణ చూసింది. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలైన ‘మన ఊరు - మన బడి’ కార్యక్రమం, నగరాల్లో ‘మన బస్తీ - మన బడి’ పేరుతో, 26,065 బడులను మూడు విడతల్లో 7,289 కోట్లతో బాగుచేయాలన్నది. మొదటి విడతకు 9,123 బడులు, 3,497 కోట్లు. రంగులు వేసి, డెస్కులు ఇచ్చి, డిజిటల్ తరగతులు అమర్చిన బడులు నిజంగానే కళకళలాడాయి. బిల్లులు అందక పనులు ఆగిన చోట్ల పెళ్లగించిన గచ్చు, తలుపు లేని మరుగుదొడ్డి మిగిలాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్ 14న ఒంగోలులో మొదలైన ‘నాడు-నేడు’ మొదటి విడతలో 15,715 బడులు బాగుపడ్డాయి. తల్లిదండ్రుల కమిటీల ఖాతాలోకే డబ్బు వెళ్లడం దానిలో గమనించవలసిన అంశం. కేరళ 2016-17లో చేపట్టిన ప్రజా విద్యా పరిరక్షణ యజ్ఞం తరవాత అక్కడి సర్కారు, ఎయిడెడ్ బడులకు లక్షలాది పిల్లలు తిరిగి వచ్చారు. జనం తిరిగి రారన్న మాట కేరళ విషయంలో అబద్ధమైంది.

పిల్లలు సర్కారు బడికి రాకపోవడానికి మూల్యం ఇళ్ల నుంచే పోతున్నది. 2025లో వెలువడిన కేంద్ర గణాంక శాఖ సర్వే ప్రకారం దేశం మొత్తం మీద సర్కారు బడి పిల్ల మీద ఇంటివారు ఏడాదికి సగటున పెట్టేది 2,863 రూపాయలు, ఇతర బడుల పిల్ల మీద 25,002 రూపాయలు. ఆ సగటు లెక్కన సికింద్రాబాద్ బస్తీల్లో ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఈ తేడా ఏడాదికి 44 వేల పైచిలుకు. ఇది ఎవరూ పన్ను అని పిలవని పన్ను. ఇంటికి పెద్ద ఎత్తున నగదు పంచే ప్రభుత్వాలు, ఆ ఇంటి నుంచి ఫీజుగా పోతున్నదానిని ఆపితే చాలా మేరకు అదే మేలు జరుగుతుందన్న లెక్క వేసుకోవడం లేదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందనే ప్రశ్నకు జవాబు బడ్జెట్ పరిమాణంలోనే ఉన్నది. 3,04,965 కోట్ల బడ్జెట్‌లో ఒక్క శాతం అంటే సుమారు 3,050 కోట్లు. మన ఊరు - మన బడి మొదటి విడత మొత్తం ఖర్చుకు అది కొంచెమే తక్కువ. ఏడాదికి ఒక్కో శాతం చొప్పున వాటా పెంచుకుంటూ పోతే ఏడెనిమిదేళ్లలో 15 శాతాన్ని అందుకోవచ్చు. 2023 ఎన్నికల ప్రణాళికలో ప్రస్తుత అధికార పక్షం చెప్పిన అంకె కూడా పదిహేనే. మొదటి ఏడాది శాతాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పడం కష్టం కాదు. పూర్వ ప్రాథమిక తరగతులు, పూర్తి కాలం పారిశుద్ధ్య సిబ్బంది, అయిదు తరగతులున్న చోట పిల్లల సంఖ్యతో పనిలేకుండా తరగతికొక టీచరు: ఈ మూడూ శంకుస్థాపన అవసరం లేని ఖర్చులు. ముఖ్యంగా మూడవ దానిని కొన్నేళ్ల పాటు, పిల్లలు పెరిగినా పెరగకపోయినా, ముందుగా పెట్టాలి. కేంద్రీయ విద్యాలయంలో టీచర్లున్నారు గనుకనే తల్లిదండ్రులు వస్తారు, తల్లిదండ్రులు వచ్చాక టీచర్లను పంపుతామనడం అక్కడ ఎన్నడూ లేదు.

సికింద్రాబాద్‌కు అదనంగా ఒక చిక్కున్నది. నగరంలో ఒక భాగం మహానగర పాలనలో, మరొక భాగం కంటోన్మెంట్ బోర్డు పాలనలో ఉన్నది. 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రాథమిక పాఠశాలలు నెలకొల్పడం, నడపడం లేదా వాటికి తోడ్పడడం బోర్డు విధుల్లో చేర్చింది. బోర్డు రక్షణ శాఖ కింద ఉంటుంది, దాని ఆదాయం ఆస్తి పన్ను మీదా కేంద్రం ఇచ్చే సొమ్ము మీదా ఆధారపడుతుంది. భూమి రక్షణ శాఖది, టీచరు రాష్ట్రానిది, పన్ను బోర్డుది అయిన చోట ఒక గది అదనంగా కట్టాలంటే మూడు కార్యాలయాల అనుమతి కావాలి. పౌర నివాస ప్రాంతాలను మహానగర పాలనలో కలపాలన్న ప్రతిపాదన 2024 నుంచి కదులుతున్నది. ఆ విలీన ఒప్పందంలో రోడ్లు, నీటి గొట్టాలు, పన్ను బకాయిల గురించి రాసుకున్నంత వివరంగా బడుల భవనాలు, బడి స్థలాల పట్టాల గురించి కూడా రాయించుకోవడానికి ఇదే తగిన సమయం. నగరంలో అద్దె ఇళ్లలో నడిచే సర్కారు బడుల సంగతి తెలిసినవారికి స్థలం పట్టా విలువ వేరే చెప్పనక్కరలేదు.

చివరిగా ఒక చట్ట నిబంధన. విద్యాహక్కు చట్టం 22వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీ ఒక అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం స్త్రీలు ఉండాలి. ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని చట్టం స్పష్టంగా అంటున్నది. ఆచరణలో గ్రాంటు పిల్లల సంఖ్య పట్టిక నుంచి పుడుతున్నది, ప్రణాళిక నుంచి కాదు. మారేడ్‌పల్లిలోనో బొల్లారంలోనో ఒక కమిటీ ఫిబ్రవరిలో కూర్చుని తమ బడికి ఏం కావాలో రాస్తే, మార్చిలో శాసనసభ ముందుకు వచ్చే బడ్జెట్‌లో ఆ అంకె కనిపించాలి. జూన్ 12న బడి తెరిచేలోపు, అంటే మే నెలాఖరుకు, మొదటి విడత ఆ బడి ఖాతాలో పడాలి. ప్రైవేటు బడులు జనవరిలోనే ప్రవేశాలు మొదలుపెడతాయి గనుక, ఈ తేదీలు కూడా ఆలస్యమేనని అనేవారుంటే వారి మాటలో న్యాయం ఉన్నది.